మోకాలి మార్పిడికి ముందు ఎముకల ఇంజెక్షన్: నడుము టి-స్కోర్ బాగుంది, తుంటిది బాగాలేదు

తెనాలి కోడలు:
మా అత్తగారికి 71 ఏళ్లు, బరువు 52 కేజీలు. గుంటూరులో కుడి మోకాలి ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు, ఇంకా నెలన్నర ఉంది. ఎముక ఎంత చిక్కగా ఉందో చూసే డెక్సా స్కాన్‌లో టి-స్కోర్ (వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోల్చే అంకె, మైనస్ పెరిగేకొద్దీ ఎముక పల్చన) నడుము దగ్గర మైనస్ 1.3, తుంటి దగ్గర మైనస్ 2.9. విటమిన్ డి 11, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ 1.2. థైరాయిడ్ మాత్ర, గ్యాస్‌కి పాంటాప్ రోజూ వేసుకుంటారు, నొప్పికి ఎసిక్లోఫెనాక్. ఏడాదికోసారి ఎక్కించే ఎముకల మందు జోలెడ్రోనిక్ యాసిడ్ ముందే చేయించాలా, తర్వాతా? నడుము బాగానే ఉందిగా, అసలు అవసరమంటారా?

ఎముకల వార్డు:
మందు అవసరమేనండీ. ఈ వయసులో నడుము అంకెను నమ్మలేం. వెన్నుపూసల అంచుల్లో అరుగుదలతో పెరిగిన ముళ్లను కూడా మిషన్ ఎముకగానే లెక్కేస్తుంది, స్కోరు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. తుంటిదే తీసుకోండి. మైనస్ 2.5కి చేరిందంటే ఆస్టియోపోరోసిసే, అంటే ఎముకలు గుల్లబారినట్టే. వినుకొండ వైపు ఫ్లోరైడ్ బోరునీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లలో ఇంకో చిక్కుంది: స్కాన్‌లో ఎముక చిక్కగా కనపడుతుంది, నిజానికి పెళుసుగా ఉంటుంది. ఇక క్యాంపుల్లో మడమకి పెట్టే మిషన్ రిపోర్టు పట్టుకుని మందు మొదలుపెట్టకండి.

నాకు టి-స్కోర్ కన్నా క్రియాటినినే ఎక్కువ కంగారుగా ఉంది. 1.2 అంటే చూడ్డానికి ఫర్వాలేదనిపిస్తుంది. వయసు, బరువు కలిపి లెక్కేయండి. 140లోంచి 71 తీసేస్తే 69. దాన్ని 52తో, ఆడవారు కాబట్టి 0.85తో హెచ్చవేసి, 72ని 1.2తో హెచ్చవేస్తే వచ్చినదానితో భాగించండి. వచ్చేది 35, కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో దాని అంచనా. అంతకన్నా తగ్గితే జోలెడ్రోనిక్ ఇవ్వరు, వారానికోసారి మింగే ఎముకల మాత్ర అలెండ్రోనేట్ కూడా వద్దంటారు. ఆవిడ సరిగ్గా గీత మీద ఉన్నారు. ఎసిక్లోఫెనాక్ కిడ్నీల మీద భారం వేసే మందు. డాక్టరుని అడిగి పారాసెటమాల్‌కి మార్చి, రెండు వారాలాగి మళ్లీ పరీక్ష చేయించండి.

అప్పటికీ మెరుగవకపోతే డెనోసుమాబ్ అని ఎముకలకే ఇంకో ఇంజెక్షన్ ఉంది. 60 మిల్లీగ్రాములు, 6 నెలలకోసారి చర్మం కింద. కిడ్నీ కొంత తగ్గినా ఇస్తారు, కానీ మధ్యలో మానేసే మందు కాదిది. డోసు ఆలస్యమై 7 నెలలు దాటితే ఎముక వేగంగా కరుగుతుంది, వెన్నుపూసలు ఒకటి తర్వాత ఒకటి కుంగిపోవచ్చు. ఆపాలంటే డాక్టరు ఇంకో మందుకి మార్చి ఆపిస్తారు. ఎత్తు తగ్గినా, నడుం వంగినా ముందు వెన్నుకి పక్కనుంచి ఎక్స్‌రే తీయించండి. పూస ఇప్పటికే కుంగి ఉంటే కొత్త ఎముకను పెంచే టెరిపారటైడ్ మేలేమో డాక్టరు ఆలోచిస్తారు.

డి 11 ఉండగా రెండు ఇంజెక్షన్లలో ఏదీ వద్దు. రక్తంలో కాల్షియం పడిపోయి మూతి చుట్టూ తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం జరుగుతుంది. పీకించాల్సిన పన్నుంటే కూడా ఇంజెక్షన్‌కి ముందే పీకించండి. ఈ మందులు పడ్డాక పీకిస్తే అరుదుగా దవడ ఎముక మానకపోవచ్చు, పుచ్చిన పన్ను కొత్త మోకాలికీ మంచిది కాదు.

మందుల చీటీ:
డి పొడి 60,000 యూనిట్లది వారానికి ఒకటి, 8 వారాలు. పాలతోనో భోజనం తర్వాతో. రోజూ వేసుకునే పొరపాటు మా కౌంటర్ల దగ్గర తరచూ కనపడేదే. అలా చేస్తే కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, మతి తడబడటం వస్తాయి. కవరు మీద వారం పేరు రాసిపెట్టండి.

పాంటాప్ వాడుతున్నారు కాబట్టి కాల్షియం కార్బొనేట్ సరిగా ఒంటబట్టదు, సిట్రేట్ అడగండి. ఆహారంతో కలిపి రోజుకి 1,200 మిల్లీగ్రాములు చాలు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది, పావులీటరు పాలలో సుమారు 300. మిగతాదే మాత్రల్లో, ఒక్కో విడతకి 500 మించకుండా. థైరాయిడ్ మాత్రకీ కాల్షియంకీ 4 గంటల ఎడం. డెనోసుమాబ్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బెజవాడ ఎండల్లో స్కూటర్ డిక్కీలో పెట్టి తేకండి, అలాగని ఐసుకి ఆనించి గడ్డకట్టనివ్వకండి.

నడక ఫిజియో:
ఆపరేషన్ తర్వాత కొత్త కీలుకి కాస్త పైన తొడ ఎముక విరగడం అన్నిటికన్నా భయపడాల్సింది, అది ఎక్కువగా పడిపోవడంతోనే. బాత్రూంలో పట్టుకునే కడ్డీ, ఎత్తు కమోడ్, రాత్రి లైటు ఆపరేషన్‌కి ముందే పెట్టించండి. నిద్రమాత్రలు ఉంటే డాక్టరుతో మాట్లాడండి. మోకాలు వంగట్లేదని ఇంట్లోవాళ్లు నూనె రాసి బలవంతంగా వంచొద్దు, గుల్లబారిన ఎముక తట్టుకోదు. వాకర్ ఎప్పుడు వదలాలో కూడా పక్కింటివాళ్లు చెప్పకూడదు.

తెనాలి కోడలు:
అందరికీ ధన్యవాదాలండీ. డి ఇంత తక్కువుంటే ఆపరేషన్ వాయిదా వేయమనాలా?

ఎముకల వార్డు:
దీనికోసమే అయితే మామూలుగా అక్కర్లేదు. పొడి ఈ వారమే మొదలుపెడితే ఆ తేదీకి ఆరు డోసులు పడతాయి. డెక్సా రిపోర్టు మాత్రం సర్జన్‌కి ముందే చూపించండి. తొడ ఎముక ముందువైపు కోత లోతై గాడి పడకుండా చూసుకుంటారు. రోబో వాడితే పిన్నులు గుచ్చే చోట్ల గురించీ అడగండి, పల్చటి ఎముకలో ఆ రంధ్రాల దగ్గర చీలిక రావచ్చు. ఇంజెక్షన్ కుట్లు మానాక, డి, కాల్షియం, క్రియాటినిన్ మళ్లీ చూసి. ఆపరేషన్ వారంలో జోలెడ్రోనిక్ వద్దు, దానికి రెండు మూడు రోజులు జ్వరం రావడం మామూలే, అది మందుదో ఇన్ఫెక్షన్‌దో తేల్చలేక అందరూ హైరానా పడతారు. అలాగని మరీ నెలల తరబడి వదిలేయొద్దు, కొత్త కీలు చుట్టూ ఎముక ఎక్కువగా పల్చబడేది మొదటి ఏడాదిలోనే.