చదవలేని భాషలోని నీతికథల పాత ప్రతులను సేకరించడం సమంజసమేనా?

పాతపుటలు:
ఈసపు కథల పాత ముద్రణలను నేను పదేళ్లుగా వివిధ భాషల్లో సేకరిస్తున్నాను. ఇటీవల 18వ శతాబ్దపు డచ్చి ప్రతి ఒకటి కొన్నాను. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. చదవలేని పుస్తకానికి డబ్బు పోయడం దండుగ అని ఒక మిత్రుడు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. 1476 ప్రాంతంలో జర్మనీలోని ఉల్మ్ నగరంలో స్టైన్‌హోవెల్ కూర్చిన ఈసపు కథల సంకలనం లాటిన్, జర్మన్ భాషల్లో, చెక్క దిమ్మలతో అద్దిన బొమ్మలతో వెలువడింది. దాని ఆధారంగా జూలియన్ మాషో ఫ్రెంచిలోకి, ఆ ఫ్రెంచి నుండి 1484లో ఇంగ్లండు ముద్రాపకుడు కాక్స్టన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. కథల వెంట బొమ్మలూ నడిచాయి. అచ్చయిన బొమ్మను చూసి ఉన్నదున్నట్లు కొత్త దిమ్మపై చెక్కితే అచ్చులో కుడియెడమలు తారుమారవుతాయి కనుక, ఒక ప్రతిలో ఏటికి ఎడమ గట్టున నిలిచిన తోడేలు మరో ప్రతిలో కుడి గట్టున కనిపిస్తే, ఏ బొమ్మను చూసి ఏది చెక్కారో ఆరా తీయడానికి దారి దొరుకుతుంది. ఇందుకు భాష రానక్కరలేదు.

అక్షరభిక్షువు:
నీతికథకు ప్రాణం మాటలో ఉంటుంది. 1593లో జపాన్‌లోని అమకుసాలో జెసూయిట్ల (క్రైస్తవ మతప్రచారకుల) ముద్రణాలయం ఈసపు కథలను జపనీస్ భాషలో, రోమన్ లిపిలో అచ్చువేసింది. నేడు మిగిలిన ఒకే ఒక్క ప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆనాటి వాడుక భాష ఎలా పలికేదో ఆ లిపి పట్టి చూపుతుంది కనుకనే పండితులు దానిని అంతగా ఆదరిస్తారు. చిన్నయ సూరి నీతిచంద్రికను తెలుగు రానివారు అలమరలో పెట్టుకుంటే వారికి దక్కేది అట్ట మాత్రమే.

రావిఆకు:
కాక్స్టన్ అనువదించినది జర్మన్ నుండి అని చదివిన గుర్తు.

పాతపుటలు:
ఫ్రెంచి నుండే. ఆ సంగతి ఆయనే తన పుస్తకం మొదట్లో చెప్పుకున్నాడు.

రావిఆకు:
ఆ ఫ్రెంచి ప్రతికి ఆధారం ఉల్మ్ సంకలనమే అని మీరే రాశారు. కాబట్టి నా మాట పూర్తిగా తప్పు కాదు.

అక్షరభిక్షువు:
ఆ తగవు పక్కన పెట్టండి. పంచతంత్రానికి అరబ్బీ రూపమైన ‘కలీలా వ దిమ్నా’ అనువాదాలను పోల్చి చూస్తున్న రోజుల్లో, ఒక సేకర్త దగ్గర నాకు కావలసిన ప్రతి ఉందని తెలిసి, రెండు పుటల ఫోటోలు పంపమని మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి, తెరిస్తే పుస్తకం పాడవుతుందని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఆ భాష ఆయనకు రాదు. తర్వాత దానిని అమ్మేశారు, ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఆ అధ్యాయం నేను నేటికీ పూర్తి చేయలేదు. మీరు చేస్తున్నదీ అదే.

పాతపుటలు:
ఎవరో చేసినదానికి నన్ను నిలదీయడం న్యాయం కాదు. ఈ డచ్చి ప్రతి కోసం నాతో పోటీపడిన వ్యాపారి బొమ్మలను విడదీసి పటాలు కట్టి అమ్ముతాడు. ఇప్పటికే రెండు ఆకులను ఎవరో కోసుకుపోయారు. కుట్టు దగ్గర వేలెడు వెడల్పున వాటి మొదళ్లు మిగిలాయి, ఒకదానిపై బొమ్మ చట్రపు గీత కూడా ఉంది. నేను కొనకపోతే మిగతా ఆకులకూ అదే గతి పట్టేది.

చెక్కదిమ్మ:
అలా కోసిన ప్రతిని చేత్తో పట్టుకున్నవారికే ఆ బాధ తెలుస్తుంది.

అక్షరభిక్షువు:
కోపంలో మిమ్మల్ని ఆయనతో జతకట్టాను, మన్నించండి. నా అభ్యంతరం నిజానికి భాష గురించి కాదు. పుస్తకం చదవలేనివారి దగ్గర ఉన్నా, అడిగిన చదువరికి అది అందాలి. నాకు డచ్చి వచ్చు. నక్క, ద్రాక్షపళ్ల కథ ఉంటే ఆ పుటను ఫోటో తీసి పెట్టగలరా?

పాతపుటలు:
ఉంది, రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. వెన్ను బాగా బిగుసుకుపోయింది, 90 డిగ్రీలకు మించి తెరిస్తే కుట్టు తెగుతుంది కనుక లోపలి అంచున ఉన్న అక్షరాలు నీడలో పడతాయి. అవి సరిగ్గా కనిపించకపోతే చెప్పండి, పక్కనుంచి మరొకటి తీస్తాను.