అప్‌డేట్: ప్లాటిసీరియం రిడ్లీ కోలుకుంటోంది

హైదరాబాదులోని మా ఇంట్లో గాజుపెట్టెలో పెంచుతున్న ప్లాటిసీరియం రిడ్లీ అనే అరుదైన ఫెర్న్‌కు కొత్త ఆకుల మొదళ్లు నల్లబడి మెత్తబడుతున్నాయని, కారణం ఏమై ఉంటుందని ఇంతకుముందు అడిగాను. నీరు తగ్గించమని కొందరు, గాలి ఆడేలా చూడమని మరికొందరు సూచించారు. రెండూ పాటించాను గాని, మొక్కను నిజంగా నిలబెట్టింది గాలేనని నా నమ్మకం.

మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో అడవులలో ఈ ఫెర్న్ ఎత్తైన చెట్ల కొమ్మలను అంటిపెట్టుకొని పెరుగుతుంది కనుక, వాన ఎంత కురిసినా అక్కడి గాలికి దాని వేళ్లు త్వరగా ఆరుతాయి. గాజుపెట్టెలో తేమ ఉంది, ఆ కదలిక లేదు. అందుకే మొక్కను బయటికి తీసి, బెరడు పలకకు పలుచని స్ఫాగ్నమ్ నాచుతో కట్టి, తూర్పు కిటికీ దగ్గర వేలాడదీసి, పక్కన చిన్న ఫ్యాన్‌ను నెమ్మదిగా తిరిగేలా పెట్టాను. నాచు పైభాగం వేలికి పొడిగా తగిలినప్పుడే నీరు పోస్తున్నాను.

కొత్త కవచపు ఆకు (వేళ్లను కప్పి ఉంచే ఆకు) ఇప్పుడు క్యాబేజీ రేకులా పలకను హత్తుకుంటోంది. దానిమీది ఉబ్బెత్తు గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అడవిలోనైతే ఆ ఆకుల కింది ఖాళీలలో చీమలు కాపురముంటాయి. ఎండి గోధుమరంగుకు మారిన పాత కవచాలను తీసేయమన్న సలహాను మాత్రం పాటించలేదు, ఎందుకంటే వేళ్లను కాపాడేవీ, తేమను పట్టి ఉంచేవీ అవే. కొమ్ముల ఆకు (జింక కొమ్ములా చీలే రెండో రకం ఆకు) ఒకటి నిటారుగా లేస్తోంది, మొదలు పచ్చగా, గట్టిగా ఉంది. మే నెల వడగాలులకు ఫ్యాన్ ఒక్కటే చాలదు కనుక, అప్పటికి గాలిలో తేమను పెంచే హ్యూమిడిఫయర్ కూడా అమర్చాలనుకుంటున్నాను.