చర్చికి వెళ్తూ హిందూ ఎస్సీ సర్టిఫికెట్ వాడుకోవచ్చా?

ఒంగోలు తమ్ముడు: అందరికీ వందనాలు. డిగ్రీ చివరి ఏడాదిలో బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు గ్రూప్-2కి అప్లై చేయాలి. చేతిలో ఉన్నది పాత హిందూ ఎస్సీ సర్టిఫికెట్. నిజం చెబితే క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు పెట్టిన బీసీ-సిలోకి వెళ్తాను. రిజర్వేషన్ ఎస్సీలకు 15 శాతం, బీసీ-సికి 1 శాతం. "దేవుడు హృదయం చూస్తాడు గానీ కాగితం చూడడు" అంటుంది అమ్మ. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?

కాకినాడ బ్రదర్: ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ? మనుషుల ముందు నన్ను ఎరగనన్నవాణ్ని తండ్రి ముందు నేనూ ఎరగనంటానని ప్రభువే చెప్పాడు. తహసీల్దార్ గారు మాత్రం మనిషి కాదా? బైబిల్లో అననీయ, సప్పీరా అనే భార్యాభర్తలు పొలం అమ్మిన డబ్బు కొంత దాచుకున్నందుకు కాదు, ఆ విషయంలో అబద్ధమాడినందుకు చచ్చిపడ్డారు. చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు కూడా అంది.

ఖమ్మం సిస్టర్: బ్రదర్, కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాను. ఈ నిజాయితీ వల్ల మీ ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం పోయిందా? పెద్ద కులాల నుంచి వచ్చిన విశ్వాసికి ఈ విషయంలో పోయేదేమీ లేదు. ఎస్టీలు మతం మారినా ఎస్టీలే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. ఆ మతం షరతు తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పినా అమలు కాలేదు. మరి బాప్తిస్మం తీసుకోగానే ఊళ్లో కులం పోయిందా? చర్చిలోనే కులం చూసి సంబంధాలు కలుపుకుంటున్నాం కదా! కొరడా దెబ్బలు తప్పించుకోవడానికి అపొస్తలుడైన పౌలు రోమా పౌరసత్వం బయటపెట్టాడు. హక్కు అడగడం పాపమా?

కాకినాడ బ్రదర్: పౌలుకు ఆ పౌరసత్వం నిజంగానే ఉంది సిస్టర్. ఆయన లేనిది చెప్పలేదు.

ఖమ్మం సిస్టర్: అది ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పే నిజానికి ప్రతిసారీ బిల్లు కట్టేది పేదవాళ్లే. అదే నా బాధ.

గుంటూరు టీచర్: సిస్టర్ బాధ న్యాయమైనది. అయినా తమ్ముడూ, నిజమే రాయి. ఆ కాగితం మీద అబద్ధం రాస్తే చట్టంలోని అన్యాయం పోదు, కంటికి కనపడకుండా పోతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.3 శాతమే. ఆదివారం మా జిల్లా పల్లెల్లో నిండిన చర్చిలు చూస్తే ఆ అంకె నమ్మబుద్ధి కాదు. లెక్కల్లో లేనివాళ్ల తరఫున హక్కు ఎవరు అడుగుతారు?

కానీ కాకినాడ బ్రదర్, అననీయ కథ చెప్పేముందు దాని పైన, అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయం చివర చదవండి. ఉన్నవాళ్లు పొలాలు అమ్మి తెచ్చి ఇచ్చారు, వాళ్లలో కొదువ ఉన్నవాడు ఒక్కడూ లేడు. అలాంటి సంఘం మధ్యలో నిలబడి పేతురు నిజం అడిగాడు. మనమేమో మందిరానికి గ్రానైట్ వేయిస్తాం, కొత్త సౌండ్ సిస్టమ్ కొంటాం, ఈ కుర్రాణ్ని మాత్రం 15 వదులుకుని 1కి వెళ్లమని ఊరికే చెబుతాం. ఇతని కోచింగ్ ఫీజు, కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్ ఖర్చు సంఘమే పెట్టుకోవాలి. ఒకసారి రాకపోతే రెండోసారి కూడా. ఆ పని చేయని సంఘానికి ఇతన్ని త్యాగం అడిగే అధికారం లేదని నా అభిప్రాయం.

ఒంగోలు తమ్ముడు: టీచర్ గారూ, మా సంఘంలో అందరూ కూలికి వెళ్లేవాళ్లే. ఎవరిని అడగను?

గుంటూరు టీచర్: నువ్వు అడగొద్దు నాన్నా. పట్నం సంఘాలే అడగకుండా ముందుకు రావాలి.

కాకినాడ బ్రదర్: మాది పట్నం సంఘమే. వచ్చే కమిటీలో పెడతాను. తమ్ముడూ, ఫీజు ఎంతో, అప్లికేషన్‌కి చివరి తేదీ ఎప్పుడో ఇక్కడ రాయి.