సీడీఎన్ పెట్టినా ఉగాది పొద్దున సైట్ పడిపోయింది, తప్పెక్కడ?

తెనాలి తిథి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు తెనాలిలో పౌరోహిత్యం చేస్తారు. ఆయన కోసం మొదలుపెట్టిన పంచాంగం సైట్ ఒకటి నడుపుతున్నాను. లెక్క ఆయన సరిచూస్తారు, కోడ్ నాది. ముంబైలో రెండు కోర్ల చిన్న సర్వర్. మామూలు రోజుల్లో దానికి పనే ఉండదు.

2025 మార్చి 30, విశ్వావసు ఉగాది. ఆరు దాటాక వాట్సాప్ గ్రూపుల్లో లింకు తిరగడం మొదలైంది. ఆరున్నరకల్లా 504 ఎర్రర్, అంటే సర్వర్ టైముకి జవాబివ్వలేదని. గుడిలో పంచాంగ శ్రవణానికి బయల్దేరుతూ నాన్నగారు “ఏరా, మన పేజీ తెరుచుకోవట్లేదటగా” అన్నారు. పచ్చడి గిన్నె పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తీశాను.

నెల ముందే సీడీఎన్ (సైట్ కాపీలు ఊరూరా దాచి, చూసేవాళ్లకి దగ్గర్నుంచి ఇచ్చే సర్వర్ల గొలుసు) పెట్టుకున్నాను. బొమ్మలు, సీఎస్ఎస్ చకచకా వస్తున్నాయి. కానీ పంచాంగం పేజీలు దాదాపు అన్నీ నా సర్వర్‌దాకా వచ్చి పడ్డాయి. కంగారులో “అన్నీ క్యాష్ చెయ్యి”, అంటే అన్నిటికీ కాపీ దాచుకో అని సీడీఎన్‌కి రూల్ పెట్టేశాను. సైట్ లేచింది. మర్నాడు విదియ రావాల్సిన చోట కొందరికి ఇంకా పాడ్యమే కనిపించింది! ఒక పెద్దాయన ఫోన్ చేసి నాన్నగారినే నిలదీశారు.

పేజీ అడ్రస్ చివర ఫోన్ జీపీఎస్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు వస్తాయి, సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది కాబట్టి. దానికీ దీనికీ సంబంధం ఉందా?

కొత్తగా చేరాను:
ఎనిమిది కోర్ల సర్వర్ తీసుకో బ్రో. టెన్షన్ ఉండదు.

రాత్రి డ్యూటీ:
సర్వర్ పెంచకండి తమ్ముడూ. ఏడాదికి నాలుగు పండగ పొద్దుల కోసం నెలనెలా అద్దె కట్టడమెందుకు?

జబ్బు మీ చివరి వాక్యంలోనే ఉంది. మామూలుగా సీడీఎన్ పేజీని గుర్తుపట్టేది పూర్తి అడ్రస్‌తో. మీ ఇంట్లో 16.243012 వస్తే పక్కింట్లో 16.243087 వస్తుంది. మనిషికి అది ఒకటే తెనాలి, సీడీఎన్‌కి మాత్రం రెండు వేరు వేరు పేజీలు. అంటే ఒకరి కోసం దాచింది ఇంకెవరికీ పనికిరాదు. ఎంతమంది తెరిస్తే అన్ని మిస్‌లు, అంటే కాపీ దొరక్క ప్రతిసారీ మీ సర్వర్‌కే పరుగు. ఆ అంకెల్ని బ్రౌజర్‌లోనే, రిక్వెస్టు వెళ్లకముందే, ఒక్క దశాంశానికి కుదించండి: 16.2, 80.6. రేఖాంశం ఒక డిగ్రీ మారితే సూర్యోదయం నాలుగు నిమిషాలు జరుగుతుంది. ఇలా కుదిస్తే రేఖాంశం వల్ల వచ్చే తేడా మహా అయితే 12 సెకన్లు. మన వైపు అక్షాంశం వల్ల వచ్చేది అంతకన్నా తక్కువే. ఒప్పుకుంటారేమో నాన్నగారిని అడగండి.

పాడ్యమి గొడవకి మందు, అడ్రస్‌లోనే తేదీ పెట్టడం. “ఈరోజు” అనే పేజీని దాస్తే అది రేపు అబద్ధమవుతుంది. మార్చి 30 పేజీ ఎప్పటికీ మార్చి 30దే, ఎంతకాలం దాచినా నష్టం లేదు. ఈరోజు ఏ తేదీయో ఫోన్ తేల్చుకుంటుంది. కాకపోతే నాన్నగారు ఎప్పుడైనా లెక్క సరిదిద్దితే సీడీఎన్‌లో పర్జ్ కొట్టాలి, అంటే పాత కాపీ తుడిచెయ్యాలి. ఆ పర్జ్ బ్రౌజర్ దాచుకున్న కాపీకి అందదు. అందుకే క్యాష్-కంట్రోల్ హెడర్‌లో (ఎంతసేపు దాచాలో చెబుతూ పేజీతో పాటు వెళ్లే చీటీ) బ్రౌజర్‌కి మ్యాక్స్-ఏజ్ పది నిమిషాలు, సీడీఎన్‌కి ఎస్-మ్యాక్స్ఏజ్ నెల రోజులు ఇవ్వండి. ప్రతి పేజీకీ సెషన్ కుకీ (చూసేవాళ్లని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తు) పంపుతున్నారేమో కూడా చూడండి. దాన్ని మోసే సెట్-కుకీ హెడర్ కనబడితే చాలా సీడీఎన్‌లు ఆ పేజీని దాచవు.

డాలస్ కోడలు:
మీ సైట్ మా అత్తగారు రోజూ చూస్తారండీ. అన్ని ఊళ్లకీ ఒకే పేజీ మాత్రం చెయ్యకండి ప్లీజ్. అమావాస్య పోయింది 29న మీకు సాయంత్రం 4:28కి. అంటే మాకు అదే రోజు పొద్దున 5:58, సూర్యోదయానికి ముందే. అందుకని మేం శనివారమే పండగ చేసుకున్నాం. ఇంకో మాట, బొమ్మలు టక్కున వస్తాయి గానీ తిథి రావడానికి చాలా సేపు పడుతుంది. ఎందుకని?

రాత్రి డ్యూటీ:
ఆ తిథి ముంబై నుంచి వస్తోంది కదమ్మా. నేరుగా కొలిచినా డాలస్‌కి 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది కాబట్టి, రానూపోనూ 140 మిల్లీసెకన్లు. కనెక్షన్‌కి ఒక విడత, భద్రతకి ఒక విడత, పేజీకి ఒక విడత, అక్కడికే 420. నిజం కేబుళ్లు చుట్టు తిరిగి వెళ్తాయి, ఇంకా ఎక్కువే. బొమ్మలు మీ ఊరి పక్కనున్న ఎడ్జ్ సర్వర్ నుంచి వస్తున్నాయి, అంతే తేడా.

ఎవరు ఏ ఎడ్జ్‌కి వెళ్లాలన్నది కొన్ని సీడీఎన్‌లు డీఎన్ఎస్ (సైట్ పేరు అడిగితే ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) జవాబుతో తేలుస్తాయి. కొన్ని ఒకే ఐపీ అడ్రస్‌ని అన్ని నగరాల నుంచీ ప్రకటిస్తాయి, దాన్నే ఎనీకాస్ట్ అంటారు. ఒక నగరంలో సర్వర్లు పడిపోతే అక్కడ ప్రకటన ఆపేస్తారు, జనం ఇంకో నగరానికి మళ్లుతారు. ఇక్కడ దగ్గర అంటే రౌటర్లకి దగ్గర, మ్యాప్‌లో దగ్గర కాదు. నేను హైదరాబాద్‌లో కూర్చుని తెరిస్తే హెడర్‌లో ఎడ్జ్ ఉన్న ఊరికి గుర్తుగా చాలాసార్లు ముంబై ఎయిర్‌పోర్ట్ కోడ్ కనిపిస్తుంది! మా బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల దారి అటు మరి.

ఒక నగరంలో ఉన్న యంత్రాల్లో ఏ పేజీ ఎక్కడుండాలన్న చిక్కు వేరు. 1997లో ఎంఐటీ వాళ్లు కన్సిస్టెంట్ హ్యాషింగ్ అని ఒక పద్ధతి రాశారు. ఒక యంత్రం చచ్చిపోతే దాని వాటా పేజీలే చేతులు మారతాయి, మిగతావి కదలవు. రాసినవాళ్లలో టామ్ లైటన్, డేనియల్ లూయిన్ మరుసటి ఏడాదే అకమాయ్ అనే సీడీఎన్ కంపెనీ పెట్టారు.

తెనాలి తిథి:
ఏప్రిల్ 6 శ్రీరామనవమి దాటాక రాస్తున్నాను. పన్నెండు సెకన్ల సంగతి చెబితే నాన్నగారు “ముహూర్తానికి పెళ్లికొడుకు వస్తే చాల్లేరా” అన్నారు. భద్రాచలం కల్యాణం వేళ సర్వర్ సీపీయూ 9 శాతం దాటలేదు. కుకీ కూడా నిజంగానే ఉంది, తీసేశాను. డాలస్ అక్కా, ఇప్పుడెలా ఉందో చెప్పండి.

ఒక్కటే మిగిలింది. రాత్రి పన్నెండు కొట్టగానే కొత్త తేదీ పేజీలు ఎక్కడా దాచి ఉండవు, రెండు నిమిషాలు సర్వర్ ఊగిపోతోంది.

రాత్రి డ్యూటీ:
పదకొండున్నరకి క్రాన్ (చెప్పిన టైముకి దానంతటదే నడిచే పని) పెట్టి రేపటి పేజీల్ని పెద్ద ఊళ్లవరకూ ముందే ఒకసారి తెరిపించండి. అయితే ఒక చోటి నుంచి తెరిస్తే ఆ ఎడ్జ్ ఒక్కటే నిండుతుంది. మీ సీడీఎన్ సెట్టింగ్స్‌లో ఆరిజిన్ షీల్డ్ గానీ టైర్డ్ క్యాష్ గానీ ఉందేమో చూడండి. అది ఆన్ చేస్తే మిగతా ఎడ్జ్‌లు మిమ్మల్ని కాకుండా ఆ షీల్డ్‌ని అడుగుతాయి. డాలస్ వాళ్లకి పన్నెండయ్యేసరికి మనకి పగలు, వాళ్ల పేజీలకి వేరే క్రాన్ పెట్టండి.