ఈ వారం సమస్య: కిటికి లేని సీటె కిటికి సీటు

నిర్వాహకుడు:
మొన్న ఢిల్లీ నుంచి వస్తుంటే పక్క వరుసలో ఒక పెద్దాయన గోడను తడుముకుంటూ ఏదో గొణిగారు. ఆ గొణుగుడు ఆటవెలది చివరి పాదమై నా చెవిన పడింది. దాన్నే చివర ఉంచి, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. గడువు ఆదివారం రాత్రి. గోదావరి వాసన తగలని పూరణలు నాకొద్దు.

కొబ్బరాకు:
లంక లన్ని చూడ లక్షణముగ గొంటి
పైక మధిక మిచ్చి పదవ వరుస
గోడ తప్ప నాకు గోదారి కనరాదు
కిటికి లేని సీటె కిటికి సీటు

చెన్నై నుంచి విశాఖ వెళ్ళేటప్పుడు తీరం ఎడమవైపు కదా అని తెలివిగా అటే తీసుకున్నాను. బోయింగ్ 737ల్లో రెక్కకు కాస్త ముందు, ఎడమ గోడలోంచి ఏసీ గొట్టం పైకి పోతుందట. అక్కడ కిటికీ ఉండదు. ఆ సీటే నా నెత్తిన పడింది.

గౌతమిగట్టు:
గోడకీ గోదారికీ యతి కుదర్చడం కాదండి, ఆ రెండింటి కోసమే పద్యం పుట్టినట్టుంది. ఇంత బాగా రాసే చెయ్యి పోయినసారి పూరణలో సంక్రాంతికి పులస పులుసు ఎలా వండిందో! వానాకాలం వరదకి ఎర్రనీళ్ళు వస్తేనే కదా సముద్రంలో ఇలస ఏరెక్కి పులసయ్యేది?

కొబ్బరాకు:
పులస సంగతి ఇప్పుడెందుకండి బాబూ. మీ పూరణ ఏదీ?

గౌతమిగట్టు:
పోవునపుడు కుడికి, పొలములు కాల్వలు
మరలునపుడు నెడమ మంచివైపు
మూసి తెరను వాడు ముసుగు తన్ని పడుకొనె
కిటికి లేని సీటె కిటికి సీటు

హైదరాబాదు నుంచి మధురపూడికి, అదే రాజమండ్రి విమానాశ్రయానికి, దాదాపు తిన్నగా తూర్పే. డెల్టా దక్షిణాన. ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోయే చోటు కనబడాలంటే పోయేటప్పుడు కుడివైపే కూర్చోవాలి. ఏటీఆర్‌కి, అంటే ఆ చిన్న పంకాల విమానానికి, రెక్క పైన ఉంటుంది కాబట్టి అడ్డం రాదు.

కొబ్బరాకు:
ముసుగు సరిపోలేదండోయ్! మూడో పాదం చివరి గణంలో ఐదు లఘువులు, అక్కడ నాలుగుకి మించి పట్టవు. మీవాడి కాళ్ళు దుప్పటి దాటి బయటికొచ్చాయి.
రెక్క పైనుంటే సరిపోయిందా? మధ్య వరుసల్లో ఇంజను, పంకా కళ్ళెదుటే ఉంటాయి. వెనక వరుసలని చెప్పొద్దూ? పైగా ధనుర్మాసంలో పొద్దుటి విమానమైతే సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు. ఎండంతా మీ కుడి కిటికీలోనే. పాపం, అతను తెర మూయక ఏం చేస్తాడు?

గౌతమిగట్టు:
"ముసుగు తన్నె నకట". కాళ్ళు లోపలికి లాగేశాను. ఇంజను మాట ఒప్పుకుంటున్నా, ఎండ మాట ఒప్పుకోను. గోదారి చూడ్డానికి వచ్చినవాడు ఎండకి భయపడతాడా?

లంకపిల్ల:
కోటిపల్లి పంటు గోడలేమియు లేవు
గాలి తగుల నీళ్ళు కాళ్ళు తడుప
మింట నెగుర నేల మేలైన కనువిందు
కిటికి లేని సీటె కిటికి సీటు

నాకు విమానం పడదండి, చెవులు దిబ్బెళ్ళు వేస్తాయి. చిన్నప్పుడు ముక్తేశ్వరం అమ్మమ్మగారింటికి పంటు మీదే, అంటే ఏరు దాటించే బల్లకట్టు మీదే, వెళ్ళేవాళ్ళం. మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, మధ్యలో మేమూ.

నిర్వాహకుడు:
అమ్మా, "ఎగుర నేల" దగ్గర ఆగిపోయాను. ఎగరడం ఎందుకు అని ఒకటి, కింద నేల ఉండగా అని ఇంకొకటి. కావాలని వేశారా, తగిలిందా?

లంకపిల్ల:
తగిలిందండి. మీరు చెప్పాక కావాలనే వేశాననుకుంటున్నా.

పాత పంచాంగం:
కోర పైన భువిని గొనివచ్చె హరి నాడు
పైకి నెగిరి చూడ భాగ్యమేది
నేడు నాకు దక్కె నింగిలో నాసీటు
కిటికి లేని సీటె కిటికి సీటు

మొదటి "కిటి"ని నిఘంటువులో చూసుకోండి. వరాహం.

కొబ్బరాకు:
ఆయ్! కిటికి, అంటే పందికి! మూడ్రోజులుగా మేమంతా కిటికీ పట్టుకుని వేలాడుతుంటే మీరు ప్రత్యయాన్ని ఊడదీసి ఎత్తుకుపోయారు. ఇంక పూరణలు కట్టేయొచ్చు.

గౌతమిగట్టు:
విరుపు బాగుంది, కాదనను. కానీ భూమినే కోర మీద పెట్టుకున్నవాడికి కిటికీ ఎందుకండి? మొత్తం మూతి ముందే ఉందిగా.

పాత పంచాంగం:
మరీ ముక్కు కిందున్నది కనబడదండి. తమరి ఐదో లఘువు తమకి కనబడిందా?

కొబ్బరాకు:
అమ్మయ్య, పంది వచ్చింది, పులస గొడవ పోయింది.

గౌతమిగట్టు:
పోలేదండి. శ్రావణం రానివ్వండి.