పదేళ్ల ఆప్టిక్స్ నుంచి సెల్ బయాలజీకి: ఏ ఫెలోషిప్, శిక్షణ ప్రణాళికలో ఏం రాయాలి?

కాంతిరేఖ:
పీహెచ్‌డీ అయి పదేళ్లు. రంగం లేజర్ ఆప్టిక్స్, సొంత ల్యాబ్ ఉంది. ఏడాదిపాటు బతికున్న కణాల ఇమేజింగ్ నేర్చుకుని, ఆపైన పూర్తిగా అటే మళ్లాలని ఉంది. ఈ దశలో ఏ ఫెలోషిప్‌లు వర్తిస్తాయి? శిక్షణ ప్రణాళిక ఎలా ఉండాలి?

పాతకాపు:
ముందు అర్హత చూసుకోండి, సగం పేర్లు అక్కడే రాలిపోతాయి. హెచ్‌ఎఫ్‌ఎస్‌పీ (హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్) వారి క్రాస్ డిసిప్లినరీ ఫెలోషిప్ భౌతిక, రసాయన శాస్త్రాల నుంచి జీవశాస్త్రానికి వచ్చేవాళ్ల కోసమే పెట్టింది, కానీ కొత్తగా పీహెచ్‌డీ అయినవాళ్లకి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌లో పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన అనుభవం 8 ఏళ్లు దాటకూడదు. జర్మనీ హంబోల్ట్ ఫౌండేషన్ ఫెలోషిప్‌లో అనుభవజ్ఞుల విభాగానికి పీహెచ్‌డీ అయ్యాక 12 ఏళ్ల దాకా గడువుంది: 6 నుంచి 18 నెలలు జర్మనీలో, అదీ మూడు విడతల దాకా విడగొట్టుకుని వెళ్లొచ్చు. సొంత ల్యాబ్ ఉన్నవాళ్లకి ఈ వెసులుబాటు చాలా విలువైంది. దిశ మార్చుకునే సీనియర్లకని ప్రత్యేకంగా పెట్టింది అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఎఫ్33 ఫెలోషిప్. పీహెచ్‌డీ తర్వాత కనీసం 7 ఏళ్ల అనుభవం, అమెరికా పౌరసత్వం లేదా శాశ్వత నివాసం అడుగుతుంది. ఏదైనా సరే, తాజా ప్రకటన చదివాకే మొదలుపెట్టండి.

సూక్ష్మదర్శి:
ప్రణాళిక విషయానికొస్తే, ఎక్కువ దరఖాస్తులు పోయేది ఒక్కచోటే. "నా మైక్రోస్కోప్ తెచ్చి మీ కణాలను చూస్తాను" అన్నట్టుంటే అది సహకార పరిశోధన అవుతుంది, శిక్షణ కాదు. మీకు రానిదేమిటో పేరుపెట్టి రాయండి. మొదటి మూడు నెలలు కణాల పెంపకం మీ చేతులతోనే: పాసేజింగ్ (పెరిగిన కణాలను కొత్త డిష్‌లకు మార్చడం), ఫ్రీజింగ్, మైకోప్లాస్మా అనే సూక్ష్మ బ్యాక్టీరియా సోకిందేమో పరీక్ష. ఈ మైకోప్లాస్మా మామూలు మైక్రోస్కోప్‌లో కనపడదు, మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మసకబారదు, కణాలు మాత్రం వేరేగా ప్రవర్తిస్తాయి. అందుకే దాని డీఎన్‌ఏను పట్టే పీసీఆర్ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేస్తారో కూడా రాయాలి. ఆ తర్వాతే పరిశోధన ప్రశ్న, ఇమేజింగ్.

ఆతిథ్య ల్యాబ్ లేఖ కూడా అంతే నిర్దిష్టంగా ఉండాలి. మీకు బెంచ్ దగ్గర రోజూ నేర్పేదెవరు, వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, కణాల గదిలో చోటుందా? "స్వాగతం పలుకుతున్నాం" అనే లేఖ బరువు తూగదు. మీ సంస్థ నుంచి బోధన, కమిటీల మినహాయింపు రాతపూర్వకంగా జతచేయండి. మీరు లేనప్పుడు మీ ల్యాబ్ విద్యార్థుల్ని ఎవరు చూసుకుంటారో చెప్పకపోతే సమీక్షకులకు మొదట వచ్చే అనుమానం అదే.

కాంతిరేఖ:
గణాంకాల భాగం కూడా రాయాలా? అది నాకు వచ్చనుకున్నాను.

బీజగణితం:
తప్పకుండా రాయండి. ఆప్టిక్స్ నుంచి వచ్చేవాళ్లు జారేది సరిగ్గా ఇక్కడే. ఒకే డిష్‌లో 200 కణాలు కొలిచి n (నమూనాల సంఖ్య) = 200 అంటారు. అవన్నీ ఒకే మీడియం, ఒకే రోజు, ఒకే పాసేజ్ పంచుకున్నవి, కాబట్టి స్వతంత్ర ప్రయోగం ఒక్కటే. వేర్వేరు రోజుల్లో కనీసం మూడు పెంపకాలు, ప్రతిదాని సగటు ఒక బిందువుగా లెక్క. ఆ రోజుల మధ్య తేడా ఎక్కువుంటే మూడూ చాలవు.

ఇంకొకటి, లేజర్ శక్తి. సిగ్నల్ మసకగా ఉంటే పవర్ పెంచడం మీకు అలవాటు. ఇక్కడ ఆ కాంతికి ఫ్లోరోఫోర్ (కాంతి పడితే వెలిగే రంగు అణువు) దగ్గర చురుకైన ఆక్సిజన్ రకాలు పుట్టి కణం దెబ్బతింటుంది, విభజన ఆగిపోతుంది. అదే డిష్‌లో కాంతి పడని మూలను కంట్రోల్‌గా (పోల్చి చూసుకోడానికి) ఉంచి, రెండుచోట్లా ఎన్ని కణాలు విభజన పొందాయో లెక్కపెడతానని ప్రణాళికలో ఒక వాక్యం చేర్చండి.