ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్ చూసి కత్తులు చేయడం నేర్చుకోవాలనిపిస్తోంది. ఇది టీవీ మోజేనా?

కొత్తసుత్తి:

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతిపని అంటే గోడకి మేకు కొట్టడం దగ్గరే ఆగిపోయినవాణ్ణి, ఆ మేకు కూడా వంకరే. పోయిన శీతాకాలం సెలవుల్లో మావాడు ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్ పెట్టాడు, ఒక్క ఎపిసోడ్ చూసి పడుకుందాం అనుకుంటే రాత్రి రెండున్నర అయింది. చూడనివాళ్ల కోసం చెప్తున్నా: నలుగురు వస్తారు, మూడు గంటల్లో ఉక్కు కాల్చి కత్తి ఆకారం తేవాలి, అక్కడ ఒకరు ఇంటికి. మిగిలిన ముగ్గురూ పిడి బిగించాలి, జడ్జిలు ఆ కత్తులతో ఎముకలు, మంచుదిమ్మలు, తాళ్లు నరికి చూస్తారు, ఇంకొకరు ఇంటికి. ఆఖరి ఇద్దరూ తమ సొంత కొలిమిలో నాలుగైదు రోజులు కష్టపడి ఏదో పాతకాలపు ఆయుధం చేసుకొస్తారు. గెలిచినవాడికి 10,000 డాలర్లు. హిస్టరీ ఛానెల్‌లో 2015లో మొదలైంది.

అప్పట్నుంచి నాకు అదే ధ్యాస. మీటింగులో కూర్చుని గ్యాస్ కొలిమి ధరలు చూస్తున్నా. వీకెండ్ క్లాసులు ఉన్నాయి కానీ డబ్బు కట్టే ముందు అడుగుదామని. ఇలా టీవీ చూసి దూకినవాళ్లలో నిజంగా నిలబడేవాళ్లు ఉంటారా? ఈ పనిలో ముందునుంచీ ఉన్నవాళ్లు మాలాంటివాళ్లని ఎలా చూస్తారు, ఈ షో వల్ల ఆ పనికి మంచి జరిగిందా చెడు జరిగిందా? మా ఆవిడని అడిగితే గరాజ్‌లో బట్టలు ఆరేసిన ట్రెడ్‌మిల్ వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

నూనెతొట్టి:

కొత్తసుత్తి గారూ, ఆరేళ్ల కిందట పెన్సిల్వేనియాలో అచ్చం మీలాగే వెళ్లాను. క్లాసులో ఆరుగురం. గురువుగారు అడిగిన మొదటి మాటే "టీవీ చూసి వచ్చినవాళ్లు ఎవరు?" ఐదు చేతులు లేచాయి. ఆరో మనిషి గుర్రాలకి నాడాలు వేసేవాడు, ఆయన మమ్మల్ని చూసి నవ్వుకుంటూ మీసం తిప్పుకున్నాడు. గురువు ఏమీ వెక్కిరించలేదు, పైగా "ఆ షో రాకముందు ఈ క్లాసు నింపడానికి తల ప్రాణం తోకకొచ్చేది" అన్నాడు. కాబట్టి మిమ్మల్ని ఎలా చూస్తారన్న బెంగ వద్దు, మీ ఫీజుతోనే ఆయన గ్రైండర్ బెల్టులు కొంటాడు.

కానీ టీవీలో కనిపించని సగం ముందే చెప్పాలి. రెండు రోజుల క్లాసులో సుత్తి పట్టుకున్నది మొదటిరోజు పొద్దుట ఓ మూడు గంటల సేపే. తర్వాతదంతా ఆకురాయి, గరుకు కాగితం, మళ్లీ ఆకురాయి. 120 నంబరు గీతలు పోయేదాకా 220, ఆ గీతలు పోయేదాకా 400. చెయ్యి పడిపోతుంది, వెలుతురులో తిప్పి చూస్తే కత్తి మడమ దగ్గర (పిడి వైపు అంచు చివర) ఇంకా ఒక పాత గీత కనబడుతుంది, మళ్లీ మొదటికి. దాన్ని ఏ ఛానెల్ వాడు చూపిస్తాడు చెప్పండి?

అసలు పని అంతా కాల్చి చల్లార్చడంలో ఉంది. మాకు ఇచ్చింది 1084 ఉక్కు, కొత్తవాళ్లు చేసే తప్పుల్ని కాస్త ఓర్చుకుంటుందని. కాలుతున్న కత్తికి అయస్కాంతం తగిలించి చూడాలి, అంటుకోవడం మానేశాక ఇంకొంచెం వేడి ఎక్కనిచ్చి, ముందే గోరువెచ్చగా కాచి ఉంచిన కనోలా నూనెలో నిటారుగా దించాలి. బుస్సుమని మంట లేస్తుంది, పక్కకి ఊపామా వంకర పోతుంది. నాది పోయింది. బయటకి తీసి ఆకురాయితో గీస్తే గాజు మీద జారినట్టు జారిపోవాలి, అలా జారితేనే గట్టిపడినట్టు. అప్పుడది కిందపడితే పెంకులా పగిలేంత పెళుసు, అందుకని ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు. ఇంట్లో వంట ఓవెన్ వాడితే నూనె పూర్తిగా కడిగి పెట్టండి, లేకపోతే వారం రోజులు కేకు కూడా కొలిమి వాసనే (అనుభవం). ఈ నాలుగు గంటలూ టీవీలో ఎక్కడ కనబడతాయి?

ఆ ఆరుగురిలో ఇప్పటికీ చేస్తున్నది నేనూ, ఇంకో నర్సమ్మగారూ. మిగతావాళ్ల వంటింట్లో తలా ఒక కత్తి ఉంది, నష్టమేమీ లేదుగా. ఇంకో మాట, జింకు పూత ఉన్న ఇనుము కొలిమిలో పెట్టకండి, ఆ పొగ మంచిది కాదు. గ్రైండర్ దగ్గర మామూలు గుడ్డ మాస్కు కాదు, సరైన ఫిల్టర్ ఉన్నది కొనండి.

ఆకురాయి_80:

నేను కొంచెం చేదుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. కత్తులు కొనేవాణ్ణి, కొన్నేళ్లుగా సొంతంగా చేసి అమ్ముతున్నాను కూడా, ఉండేది ఒహాయో.

షో వల్ల జనం వచ్చారు, నిజమే. ఏం నేర్చుకుని వచ్చారు అన్నదే నా బాధ. మూడు గంటల్లో కత్తి అయిపోతుందని నేర్చుకున్నారు. వంటింటి కత్తి తెచ్చి "దీంతో ఎముక నరకొచ్చా" అని అడుగుతారు. టమాటా కోసే కత్తికి ఎముకతో ఏం పని బాబూ? టమాటా తొక్క నలగకుండా దిగాలంటే అంచు పల్చగా ఉండాలి, పల్చటి అంచుతో ఎముక మీద కొడితే పెచ్చు లేస్తుంది, అది కత్తి తప్పు కాదు. అక్కడ టెన్షన్ కావాలి కాబట్టి పాత సైకిల్ గొలుసులు, తుక్కు సామాన్లు ఇచ్చి దీంట్లోంచి కత్తి తీయమంటారు. దాన్ని చూసి మన కుర్రాళ్లు ఏ ఉక్కో తెలియని పాతసామాను పట్టుకొచ్చి వారాలు పాడుచేసుకుంటున్నారు. తెలిసిన ఉక్కు పట్టీ కొత్తది కొంటే ఒక పిజ్జా ఖర్చు అవుతుందేమో అంతే.

డమాస్కస్, అదే గీతల ఉక్కు, దాని సంగతి మరీ ఘోరం. కనీసం రెండు రకాల ఉక్కు పొరలు పేర్చి అతికి, మడిచి మళ్లీ అతికి, ఆమ్లంలో ముంచితే ఆ నీటి అలల గీతలు తేలతాయి. షోలో ఇనుప గొట్టంలో ఉక్కు పొడి, ముక్కలు పోసి, గొట్టం అంటుకోకుండా లోపల ఆఫీసులో తప్పులు చెరిపే తెల్లరంగు పూసి వెల్డు చేసే ట్రిక్కు చూపిస్తారు, చూడ్డానికి బాగుంటుంది. ఇప్పుడు ప్రతివాడికీ గీతలు కావాలి. నేను 400 డాలర్లు చెప్తే "ఆన్‌లైన్‌లో 60కే ఉందిగా" అంటాడు. అది దేంతో చేశారో, సరిగ్గా గట్టిపరిచారో లేదో ఎవడికి తెలుసు?

ఇంకోటి, ఈ పని టీవీతో బతికిందని రాసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అమెరికాలో కాల్చి కొట్టే కత్తి దాదాపు పోయిందనుకున్న రోజుల్లో మేరీల్యాండ్‌కి చెందిన బిల్ మోరన్ 1973లో డమాస్కస్ కత్తులు ప్రదర్శనకి తెచ్చాడు. 1976లో ఆయనా ఇంకొందరూ కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టారు. ఛానెల్ వాడు రాకముందు దాదాపు నలభై ఏళ్లు ఆ పని నడిచింది. షో జడ్జి జే నీల్సన్ కూడా ఆ సొసైటీ మాస్టర్ స్మితే. పంట ఒకరు వేశారు, కుప్ప దగ్గర ఫొటో ఇంకొకరు దిగారు.

నూనెతొట్టి:

ఆకురాయి అన్నా, ఎముకల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ 60 డాలర్ల గీతల కత్తులు షో కన్నా ముందునుంచే ఉన్నాయి కదా. పైగా చూసేవాడికి ఇప్పుడు కాస్త కన్ను వచ్చింది. పిడిలోకి దిగే భాగం ఎలా ఉంది, అతుకు దగ్గర సందు ఉందా అని మా ఆఫీసులో అకౌంట్స్ ఆవిడ అడుగుతుంది, ఆవిడ జన్మలో సుత్తి పట్టలేదు. బెన్ ఆబట్ సంగతి చూడండి, పోటీకొచ్చి రెండుసార్లు గెలిచి తర్వాత జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. అందరూ తుక్కు గాళ్లు కాదు.

కొత్తసుత్తి గారూ, మీరు డాలస్ అన్నారు కదా, ఆ సొసైటీ వాళ్లకి సంబంధించిన బడి అర్కాన్సాలో వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఉంది, టెక్సార్కానా దాటాక. 1988లో అక్కడ మొదలైంది, కారులో వెళ్లొచ్చు. వాళ్ల జర్నీమ్యాన్ (మాస్టర్ స్మిత్‌కి ముందు మెట్టు) పరీక్ష ఒకసారి చదవండి, షో కన్నా మజాగా ఉంటుంది. మీరు చేసిన ఒకే కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడు ఒక్క వేటుకి తెగాలి, తర్వాత టూ బై ఫోర్ చెక్కని రెండుసార్లు నరకాలి, అంతా అయ్యాక అదే అంచుతో చేతిమీద వెంట్రుకలు గీయాలి, చివరికి వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. అంచు గట్టిగా, వెన్ను మెత్తగా ఉంటేనే కుదురుతుంది. దానికి ముందు సభ్యుడిగా మూడేళ్లు ఆగాలి, వాళ్ల మొదటి కోర్సు చేస్తే రెండేళ్లు. మోజు ఉన్నవాడు ఈ రెండు మూడేళ్లలోనే తేలిపోతాడు.

కొలిమి_గడ్డ:

మీ ముచ్చట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది జగిత్యాల దిక్కు పల్లె, కమ్మరి ఇల్లు. నేను ఇప్పుడు హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. యూట్యూబ్‌లో ఆ షో ముక్కలు మా బాపుకి చూపించా. ఐదు నిమిషాలు చూసి "దెబ్బ తక్కువ, ముచ్చట ఎక్కువ" అన్నాడు. తర్వాత ఫోన్ దగ్గరికి లాక్కుని ఒకడు కొలిమిలోంచి తీసేటప్పుడు ఆపమన్నాడు. "గంత తెల్లగ ఎందుకు కాలుస్తున్నడు, రవ్వలు రాలుతున్నయి చూడు, ఉక్కు మాడిపాయె." తర్వాత చూస్తే జడ్జీ కూడా అదే చెప్పాడు. సమ్మెట కొట్టే మనిషి లేకుండా మిషన్ సుత్తి దబదబ కొడుతుంటే మాత్రం నోరు తెరుచుకుని చూశాడు. మా ఇంట్లో సమ్మెట మా పెదనాన్నది, కొలిమి చక్రం తిప్పేది మా అమ్మ.

ఆయన చేసింది కత్తులు తక్కువ. కర్రు సాగగొట్టడం, కొడవలికి కక్కు కొట్టడం, గొడ్డలి, పార, కత్తిపీట. లారీ కమాన్ పట్టీ దొరికితే పండగే, కొడవళ్లకి అంతకన్నా మంచి ఉక్కు లేదనేవాడు. పైసలు కాదు, కోతలయ్యాక మేర కింద వడ్లు వచ్చేవి. ట్రాక్టర్లొచ్చి కర్రు పోయింది, కోత మిషన్లొచ్చి కొడవలి పోయింది, మిగిలిన నాలుగు కొడవళ్లూ సంతలో ఫ్యాక్టరీవి దొరుకుతాయి. అక్కడ చూసినవాడు డబ్బు కట్టి నేర్చుకుంటున్నాడు, ఇక్కడ తెలిసినవాడు కొడుకుని దాగలి దగ్గరికి రానివ్వలేదు. నేను బడిలో బాపు పని చెప్పడానికి సిగ్గుపడినవాణ్ణి, దాచుకునేదేముంది. అక్కడ హాబీ, ఇక్కడ కులం, ఆ తేడా టీవీకి కనబడదు. అలాంటి పోటీ మన తెలుగు ఛానెల్‌లో పెడితే ఎవరిని పిలుస్తారు, మా బాపునా, జిమ్ బాడీ ఉన్న యాంకర్‌నా?

ఇంకో సంగతి, ఆ పాతకాలపు డమాస్కస్ అని పేరు మోగిన కత్తులకి మంచి ఉక్కు పోయింది మన దగ్గరినుంచి కూడా. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు ముద్దలు కరిగించేవాళ్లు, పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ఆ ఉక్కుకి ఇంగ్లీషువాళ్లు పెట్టిన వూట్జ్ పేరు కూడా మన ఉక్కు మాటేనంటారు. ఆకురాయి అన్న చెప్పిన అతికిన పొరల డమాస్కస్ వేరే, ఇది మూసలోనే గీతలు పుట్టే ఉక్కు. బాపుకి ఈ సంగతి చెప్తే "మరి మనకెందుకు మిగల్లేదురా" అన్నాడు, జవాబు దొరకలేదు.

నగోయా_నుంచి:

జపాన్ సంగతి చిన్నగా. ఇక్కడ కటానా చేయాలంటే లైసెన్సున్న గురువు దగ్గర కనీసం 5 ఏళ్లు శిష్యరికం, తర్వాత ప్రభుత్వ సాంస్కృతిక శాఖ పెట్టే శిక్షణలో నెగ్గాలి. నెలకి పొడవు కత్తులు రెండుకి మించి చేయకూడదు. చూసే మోజు మాత్రం ఇక్కడా పెరిగింది, టీవీతో కాదు, కత్తులే అందగాళ్లయిన టోకెన్ రాన్బు అనే ఆటతో, అది కూడా 2015లోనే. మ్యూజియంలో కత్తి అద్దాల ముందు కుర్ర అమ్మాయిలు క్యూలో నిలబడటం నేను చూశాను. వాళ్లలో ఎంతమంది కొలిమి దగ్గరికి వెళ్తారంటారా, 5 ఏళ్లు జీతం లేకుండా బొగ్గు కొట్టేవాళ్లు ఏ ఆటతో వస్తారు?

కొత్తసుత్తి:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. గ్యాస్ కొలిమి కార్టులోంచి తీసేశా. క్లాసుకి మాత్రం కట్టాను, మూడు నెలల తర్వాత ఖాళీ ఉందట. అప్పటిదాకా ఒక ఆకురాయి, ఒక 1084 పట్టీ తెప్పించి కాల్చకుండానే రోజూ అరగంట రాస్తున్నా. నాలుగు రోజులకి బొటనవేలు బొబ్బ, పట్టీ మీద ఒక వంపు. మావాడు వచ్చి చూసి "ఇంకా ఎన్ని గంటలు మిగిలాయి నాన్నా" అని ఆ షో పాత యాంకర్ విల్ విల్లిస్ గొంతుతో అడుగుతున్నాడు.

కొలిమి_గడ్డ అన్నా, బాపుగారికి అభ్యంతరం లేకపోతే ఆయన కర్రు సాగగొట్టేటప్పుడు ఒక పది నిమిషాలు వీడియో తీసి పెట్టగలరా? ఎడిటింగ్ ఏమీ వద్దు. రంగు చూడాలని ఉంది.

కొలిమి_గడ్డ:

కర్రు తెచ్చేవాళ్లు లేరన్నా. ఉగాదికి ఊరికి పోతున్నా, కత్తిపీట ఒకటి పాతది సాన పోయి ఉంది, దానికి కొలిమి ముట్టిస్తాడేమో అడుగుతా. పగటిపూట తీస్తే రంగు కనబడదు, పొద్దు గూకినాక తీస్తా. బొగ్గులు దొరకాలి ముందు.